పన్నెండో కెప్టెన్ కోటు

మ్యాచ్ ఉన్న రోజు ఉదయం పదింటికల్లా కోటు టైలరు దుకాణానికి వచ్చేది. స్టేడియం వెనక గేటుకి ఎదురుగా ఉన్న ఇరుకు గదే ఆ దుకాణం. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఓ మూల నిలువుటద్దం, అలమర మీద చిన్న టీవీ. టీము మేనేజరు కోటుని రెండు చేతుల మీదా మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టేవాడు. టైలరు దాని మీద నూలుపోగులు ఏరి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, చివరగా మెళ్ళో వేలాడే టేపు తీసి ఛాతీ కొలిచేవాడు.

"ఎంత తగ్గింది మాస్టారూ?"

"ఒక నూలు సార్."

అంగుళంలో ఎనిమిదో వంతుని ఆ దుకాణంలో నూలంటారు. టీము ఓడినప్పుడల్లా కెప్టెన్ కోటు ఒక నూలు బిగుస్తుంది. గెలిస్తే వదులు కాదు, ఉన్నచోటే ఉంటుంది. కొత్తది కుట్టించి చూశారు ఒకసారి. దుకాణంలో బాగానే పట్టింది గానీ, టాస్‌కి వేసుకునేసరికి పాతదాని కొలతకే వచ్చేసింది. వేరే గుడ్డ అతికిస్తే మర్నాటికి కుట్లు వాటంతటవే ఊడిపోయాయి. ఇక దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. వానొస్తే గ్రౌండు తడుస్తుంది, ఓడితే కోటు బిగుస్తుంది, అంతే. టాస్ వేళ నడిమి గుండీ పడని కెప్టెన్ సాయంత్రానికి కెప్టెన్ కాడు. టీము యజమాని పాయింట్ల పట్టిక కూడా చూసేవాడు కాదు, టీవీలో ఆ గుండీ ఒక్కటే చూసేవాడు.

ఆ కోటు కుట్టింది ఈ టైలరే, ఇరవై ఏళ్ళ కిందట, తల మీద జుట్టున్న రోజుల్లో. మొదటి కెప్టెన్ ఛాతీ నలభై నాలుగు. మనిషి దూలంలా ఉండేవాడు, గెలుపులూ అలాగే ఉండేవి, ఆరేళ్ళు చేశాడు. రెండో ఆయన మూడేళ్ళు. మూడో ఆయన భోజనం మానేసి నీళ్ళు తాగి ఒక సీజను గడిపాడు, నాలుగో నెలలో స్లిప్‌లో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయాడు. నాలుగు, ఐదు ఎప్పుడొచ్చారో ఎప్పుడు పోయారో వాళ్ళ ఇంట్లోవాళ్ళకి మాత్రమే గుర్తు. రాన్రాను కెప్టెన్‌ని ఎంచే పెద్దమనుషులు బ్యాటింగు, బౌలింగు అన్నీ అడిగినట్టే అడిగి, చివరికి టైలరుకి కబురు పెట్టి కొలతలు తీయించేవాళ్ళు. సన్నగా ఉన్నవాడిదే అదృష్టం. ఆ లెక్కన పన్నెండోవాడిగా టైలరు మేనల్లుడి వంతు వచ్చింది.

వాణ్ణి చిన్నప్పట్నించీ అందరూ బక్కోడనే పిలిచేవాళ్ళు. తండ్రి పోయాక తల్లీ వాడూ టైలరు ఇంటికే వచ్చారు. టైలరు చెల్లెలు కాజాలు కుడుతుంటే, బక్కోడు దుకాణం గోడకి బంతి విసురుతూ పెరిగాడు. బక్కోడని ఏడిపించిన వీధివీధంతా వాడు కెప్టెన్ అయిన రోజున దుకాణం ముందు బారులు తీరింది. ఛాతీ ముప్పై నాలుగు. కోటు వాడికి ఒంటికి పోతపోసినట్టు పట్టింది. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. టైలరు మాత్రం ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఎందుకు తింటాడు? కోటు లోపల ఏముందో, ఏం లేదో తెలిసింది అతనొక్కడికే.

వరసగా ఐదు మ్యాచ్‌లు పోయాయి. ఆరో మ్యాచ్ ఉదయం మేనేజరు కోటు పెట్టి కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఇవాళ గుండీ నిలవాలి మాస్టారూ. ఇంకో మూడు మ్యాచ్‌లైతే సీజను అయిపోతుంది, మీవాడి కాంట్రాక్టు పొడిగించుకోవచ్చు. నాలుగు పేటల దారం వెయ్యండి."

"అలాగే సార్."

మేనేజరు వెళ్ళిన కాసేపటికి బక్కోడు వచ్చాడు. అద్దం ముందు నిలబడి కోటు తొడుక్కున్నాడు. ఊపిరంతా వదిలేసి, పొట్ట వెన్నుకి అంటుకునేలా లోపలికి లాగితే గుండీ కాజాలో పడింది. ఆ గుండీ పాతది, అప్పటికే వేలాడుతోంది. కాస్త గాలి పీల్చగానే పుటుక్కున తెగి బల్ల కిందికి దొర్లింది. వాడు వంగి తీసుకుని, కోటు విప్పి, తిరగేసి లైనింగు కింద వేళ్ళు పెట్టి తడిమాడు.

"లోపల ఇంకేం గుడ్డ లేదా మామయ్యా? కుట్లు విప్పి వదులు చెయ్యొచ్చుగా."

"లేదు."

"ఇక్కడ పాత సూది చిల్లులున్నాయి. రెండు పక్కలా రెండు వేళ్ళ వెడల్పు. ఈ గుడ్డంతా ఎవరికి వదిలావు?"

ఏ మంచి టైలరైనా కోటు కుట్టేటప్పుడు పక్కల్లో మడతపెట్టి గుడ్డ వదులుతాడు, మనిషి లావెక్కితే పనికొస్తుందని. ఇతనూ వదిలాడు. కోటు తన సొంత గుడ్డనొక్కదాన్నే ఒప్పుకునేది. కెప్టెన్‌కి కాసింత చొప్పున విప్పి ఉంటే అదే ముప్పై మంది దాకా వచ్చేది.

"ఆరో ఆయనకి" అన్నాడు టైలరు.

"మొత్తమా?"

"మొత్తం. ఒక్కరోజే."

"ఎందుకు మామయ్యా?"

టైలరు కత్తెర తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "నీకు పద్నాలుగేళ్ళు అప్పుడు. నిన్ను నెట్స్‌లోకి ఎవరూ రానివ్వట్లేదు. నువ్వు నన్ను కాస్త చూసుకో, నేను మీవాణ్ణి చూసుకుంటానన్నాడాయన. మాట నిలబెట్టుకున్నాడు, అది కాదనకూడదు."

బక్కోడు నవ్వాడు. నవ్వొచ్చే సంగతే మరి. వాడు ఆటలోకి వచ్చిన దారీ, ఇప్పుడు వాడికి దొరకని గుడ్డా ఒకటే. గదిలో కాజాలు కుడుతున్న చెల్లెలి సూది కాసేపు ఆగి మళ్ళీ కదిలింది.

"సరే, అయిందేదో అయింది. గుండీ గట్టిగా కుట్టు. నాలుగు పేటలు."

"ఎనిమిదో ఆయన సంగతి తెలుసుగా నాన్నా."

తెలియందెవరికి? ఎనిమిదో కెప్టెన్‌కి నాలుగు పేటలు వేసింది ఈ చేతులే. గుండీ ఊడలేదు. టాస్ గెలిచి, ఏం ఎంచుకుంటారని అడిగితే చెప్పబోయి, అక్కడే కూలబడ్డాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. తర్వాత బంతి పట్టింది లేదు. ఇప్పటికీ మెట్లెక్కాలంటే మూడు చోట్ల ఆగుతాడు.

"తెలుసు. అయినా కుట్టు" అన్నాడు బక్కోడు. "ఈ టీములో కెప్టెన్సీ పోయినవాణ్ణి ఇంకో టీము కొన్నది ఎప్పుడైనా చూశావా? ఇవాళ గుండీ ఊడితే నా ఆటే అయిపోతుంది. ఎముకలు అతుక్కుంటాయి మామయ్యా."

చెల్లెలు తలెత్తకుండానే అంది. "వాడు అడిగినట్టు కుట్టన్నయ్యా. వాడికి ఇంకే పనొచ్చు?"

ఇద్దరూ ఒక మాట మీదున్నారు. టైలరు ఒంటరివాడైపోయాడు. బక్కోడు స్నానానికి వెళ్ళాడు, చెల్లెలు టీ పెట్టడానికి లేచింది. టైలరు రీలు తీసి దారం లాగాడు, నాలుగు పేటలుగా మడిచాడు, సూది దగ్గరికి తెచ్చాడు. మూడు పేటలు తెంపేశాడు. ఒంటిపేటతో గుండీ కుట్టి, చూడ్డానికి దిట్టంగా కనిపించేలా గుండీ కింద కాడ చుట్టూ దారం పదిసార్లు చుట్టి ముడేశాడు. జీవితంలో అంత అబద్ధపు కుట్టు అతను ఎప్పుడూ కుట్టలేదు.

టాస్ దుకాణంలో టీవీలోనే చూశారు అన్నా చెల్లెలూ. బక్కోడు గుండీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పిచ్ దాకా నడిచాడు. అవతలి కెప్టెన్ నాణెం ఎగరేశాడు. బొమ్మో బొరుసో అనాల్సింది మనవాడు. మాటకి గాలి కావాలి. క్షణంసేపు పెదాలు నల్లబడి నిలబడ్డాడు, నాణెం దిగొస్తోంది, చివరికి గట్టిగా ఊపిరి పీల్చి "బొమ్మ" అన్నాడు. గుండీ ఎగిరి నాణెం పక్కనే పడింది. నాణెం మీద బొమ్మే ఉంది. టాస్ గెలిచాడు.

రిఫరీ నాణెం తీసుకున్నాడు. గుండీని బక్కోడే వంగి తీసుకున్నాడు. చెల్లెలు టీవీ కట్టేసింది.

సాయంత్రం వాడు దుకాణానికి వచ్చి, గుండీ తెచ్చి మిషను మీద పెట్టాడు. దానికి తెగిన దారం వేలాడుతోంది.

"ఒంటిపేట" అన్నాడు.

"అవును."

"నేను అడిగింది నాలుగు."

ఆ తర్వాత వాడు మామయ్యతో మాట్లాడలేదు. ఆటగాళ్ళ వేలంలో వాడి పేరు రెండుసార్లు చదివారు, ఎవరూ చెయ్యెత్తలేదు. మూడోసారి చదవలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వాడు దుకాణంలో రెండో మిషను ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. తల్లి కాజాలు నేర్పింది. ఆమె అన్నకి టీ గ్లాసు అందించడం మానేసి, బల్ల మీద టక్కున పెట్టి వెళ్ళేది. ఒకే గదిలో ముగ్గురూ ఏడాదిపాటు కత్తెర చప్పుడు విన్నారు. వాడి ఊపిరి మాత్రం ఇబ్బంది లేకుండా ఆడేది. మధ్యాహ్నం వాడు గుడ్డల మీద కునుకు తీస్తుంటే టైలరు మిషను ఆపి వినేవాడు. అంతకు మించి అతనికి మిగిలిందేమీ లేదు.

మళ్ళీ సీజను వచ్చింది. మేనేజరు కోటుతోపాటు పదమూడో కెప్టెన్‌నీ తీసుకొచ్చాడు. పందొమ్మిదేళ్ళు, ఛాతీ ముప్పై రెండు, మాట్లాడితే మెడ నరాలు కనిపిస్తాయి. ఎన్ని మ్యాచ్‌లు నిలబడతాడో దుకాణంలో ముగ్గురికీ చూడగానే తెలిసిపోయింది. ఐదు, అదృష్టముంటే ఏడు.

"ఈసారి పొరపాటు జరక్కూడదు మాస్టారూ. నాలుగు పేటలు" అని మేనేజరు ఫోను మోగితే బయటికి వెళ్ళాడు.

టైలరు సూది తీశాడు గానీ, కంటి పొర వల్ల బెజ్జం కనిపించలేదు. రెండుసార్లు తప్పాడు. బక్కోడు లేచొచ్చి మాట్లాడకుండా అతని చేతిలోంచి సూదీ, ఒళ్ళోంచి కోటూ తీసుకున్నాడు.

"గట్టిగా కుట్టు అన్నా" అన్నాడు కొత్త కెప్టెన్. "నాకు ఈ ఆట తప్ప ఇంకే పనీ రాదు."

"కుడతాలే."

బక్కోడు దారం లాగాడు. నాలుగు పేటలుగా మడిచాడు. టైలరు చూస్తూ నిలబడ్డాడు, వద్దనడానికి అతనికి ఏ ముఖం ఉందని? బక్కోడు వీధి వైపు ఒకసారి చూశాడు. మేనేజరు వీపు ఇటే ఉంది, కుర్రాడు మూలనున్న అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాడు. మూడు పేటలు పంటితో తెంపి ఉమ్మేసి, ఒంటిపేటతో గుండీ కుట్టి, కాడ చుట్టూ ఓపిగ్గా పదిసార్లు దారం చుట్టి ముడేశాడు.

కుర్రాడు గుండీని లాగి చూసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు.

"మామయ్యా, ఇస్త్రీపెట్టె కాలిపోతోంది, తీసి పక్కన పెట్టు" అన్నాడు బక్కోడు, తన మిషను ముందు కూర్చుంటూ.