రబియాబీ అరుగు మీది మూల జాగ

సిద్దిపేటల పాత బస్టాండు ఎన్కకు పోతే ఒక సన్నటి గల్లీ ఉంటది. ఆ గల్లీల నాలుగో ఇల్లు రబియాబీది. ఇంటి ముంగట షాబాదు బండలు పరిచిన పొడుగు అరుగు. ఇంటింటికి టీవీలు రాని రోజులు అవి. పొద్దుగాల తొమ్మిది గొట్టకముందే ఆ అరుగు నిండ ఆడోళ్ళే. ఒళ్ళె చాటలు, చాటలల్ల తంబాకు, చేతులల్ల కత్తెర్లు. బీడీలు ఇంట్ల కూసోని చేసినా అయితయి. కని ఒక్కతే కూసోని బీడీలు చేసుడంటే జైల్ల కూసున్నట్టే. నలుగురుంటే నోరు ఆడుతది, నోరు ఆడితే చెయ్యి ఆడుతది.

ఆ అరుగు మీద ఎవ్వరి జాగ వాళ్ళది. ఎవ్వరు రాసియ్యలే, ఎవ్వరు పంచియ్యలే, అయినా ఒకరి జాగల ఒకరు కూసోరు. అన్నిట్ల మంచి జాగ దర్వాజ పక్క మూల. అది కొండవ్వది.

ఏమున్నది తల్లీ ఆ మూలల అంటరా? అడిగి చూడుండ్రి, కొండవ్వ పొద్దుమూకే దాక జెప్తది. చలికాలం తొమ్మిదింటి దాక మోకాళ్ళ మీద ఎండ పడ్తది. ఎండకాలం ఎదురింటి గూనపెంకల నీడ సక్కగ ఆడికే వచ్చి ఆగుతది. గోడకు ఈపు ఆనిచ్చుకోవచ్చు. పద్దెనిమిదేండ్లు ఆనిచ్చీ ఆనిచ్చీ సున్నం మీద కొండవ్వ ఈపంత మచ్చ పడ్డది. రంజాన్‌కు రబియాబీ ఇల్లంత సున్నమేపిచ్చినా గా మచ్చను మాత్రం ముట్టనియ్యదు. ఆడ కూసుంటే గల్లీ మొగ దాక కనవడ్తది. హుస్నాబాద్ బస్సు పోయిందా, చేర్యాల బస్సు పోయిందా, లేవకుంటనే చెప్పొచ్చు. లోపట పొయ్యి మీద ఉల్లిగడ్డ ఎర్రగైతే ముందుగాల వాసన తగిలేది ఆ మూలకే.

ఇవన్ని పైపై ముచ్చట్లు. అసలు సంగతి వేరే ఉన్నది. మొగడు సచ్చిన యేడు కొండవ్వకు ఇంట్ల గోడలే మీద పడ్డట్టు ఉండేది. ఒకనాడు చాట సంకల వెట్టుకోని, ఏం జెయ్యాల్నో తోచక, ఈ గల్లీల వచ్చి నిలవడ్డది. అప్పటికి ఆ మూల రబియాబీదే. ఆమె కొండవ్వ దిక్కు చూసి, తన చాప తీసి పక్కకు గుంజుకోని, "గీడ కూసో" అన్నది. ఏడ్వకు అనలే, దేవుడున్నడు అనలే. ఊకె గీడ కూసో అన్నది, గంతే. ఆ నాటి సంది కొండవ్వకు లోకంల జాగ అంటే గదే.

అసొంటి జాగకు ఒక యేడు దసరా తర్వాత స్వరాజ్యం దాపురించింది.

స్వరాజ్యం చేర్యాల పిల్ల, బొమ్మలేసెటోళ్ళ ఇంట్ల పుట్టింది. మొగనికి ఈడ నూనె మిల్లుల పని దొరికిందని వచ్చి, గల్లీ చివర్ల కిరాయికి దిగింది. ఇరవై రెండేండ్లుంటయి. పదో తరగతి సదువుకున్నది. తునికాకు కత్తిరిస్తే ఒక్క ఆకు పాడు కాదు, బీడీ చుడితే అచ్చు పోసినట్టు ఉంటది. కార్ఖానల కూడ ఆమె కట్టలు ఇప్పి చూడరు. పనిమంతురాలైతే ఐంది, నోరన్న మెదలకుండ ఉంటదా? ఉండదు. నవ్విస్తది, పేపర్ సదివి వినిపిస్తది, దూరం దేశం పోయినోళ్ళు రాసిన ఉత్తరాలు సదివిపెడ్తది.

ముందొచ్చిన చెవుల కంటే ఎన్కొచ్చిన కొమ్ములు వాడి అని ఊకె అన్నరా! నెల తిరగకముందే అరుగంత స్వరాజ్యం, స్వరాజ్యం. పక్కన కూసునే విమలమ్మ నోట్ల ఎన్నడు ఎవ్వరి గురించి మంచి మాట రాదు, అసొంటి విమలమ్మనే "పిల్ల బంగారం" అన్నది. పోనీ, విమలమ్మ అంటే అన్నది. రబియాబీ కూడ ఆ పిల్ల మాటలకు కొంగు నోట్ల కుక్కుకోని నవ్వుతది. కండ్లల్ల నీళ్ళొచ్చెదాక నవ్వుతది. పద్దెనిమిదేండ్లల్ల తన మాటకు ఆమె ఒక్కనాడన్న గట్ల నవ్విందా అని కొండవ్వ యాదికి తెచ్చుకున్నది. రాలే. ఎంత ఎతికినా రాలే.

ఒకనాడు పగటీలి రబియాబీ పేపర్ తెచ్చి స్వరాజ్యం చేతిల వెట్టి, అటు ఇటు చూసింది.

"కొండవ్వా, జర జరుగు. పిల్లకు ఎలుగు సాలుతలేదు. స్వరాజ్యం, గీడ కూసో బేటీ."

గీడ కూసో! గదే మాట, గదే జాగ. కొండవ్వ చాట ఎత్తుకోని జానెడు జరిగింది. ఆ పిల్ల వచ్చి సున్నం మీది మచ్చకు ఈపు ఆనిచ్చి కూసున్నది.  ఆ దినం కొండవ్వ చేసిన బీడీలు సగం వదులు, సగం గట్టి. కార్ఖానల తీసి పక్కకు పారేసిన్రు.

"నీ పానం బాగలేదా?" అని రబియాబీ అడిగింది.

"నాకేమైంది, గుండు లెక్క ఉన్న," అన్నది కొండవ్వ.

ఇగ అప్పటిసంది రోజు గదే వరస. మూలల సగం ఆమెది, సగం ఈమెది. స్వరాజ్యం దారం అయిపోతే కొండవ్వ ఇచ్చేది, ఇచ్చుకుంట లోపట తిట్టేది. నీ చెయ్యి పడిపోను అని తిట్టి, అయ్యో ఉసురు తగుల్తదేమో అని మల్ల చెంపలేసుకునేది. ఓర్వలేని బతుకు ఎవ్వరికి వద్దు తల్లీ. అన్నం సహించదు, నిద్ర రాదు.

అరుగు మీద రబియాబీ రేడియో ఉండేది. పగటీలి ఆడోళ్ళ కార్యక్రమం వచ్చిందంటే కత్తెర్ల సప్పుడు తప్ప వేరే సప్పుడుండదు. ఒక బుధవారం ఆ రేడియోల ఒకామె తియ్యగ అన్నది: "మీకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఏది? అందులో ఏముంది ప్రత్యేకం? ఒక్క కార్డు మీద రాసి పంపండి. మంచివి మీ పేరుతో చదివి వినిపిస్తాం."

"స్వరాజ్యం, రాయే!" అన్నరు అందరు. విమలమ్మ అయితే "మా గల్లీ పేరు రేడియోల రావాలె" అని చాట మీద కొట్టింది.

రెండు దినాలకు స్వరాజ్యం కార్డు రాసుకోని వచ్చింది. ఏం రాసినవే అంటే చెప్పలే. "రేడియోలనే ఇనాలె" అని నవ్వింది. ఏ జాగ గురించి రాసినవే అంటే మాత్రం మూల దిక్కు చెయ్యి చూపిచ్చింది. అందరు చప్పట్లు కొట్టిన్రు. కొండవ్వ కట్టకు దారం చుడుతున్నది, దారం టప్పున తెగింది.

"పెద్దమ్మా, కార్ఖానకు పోయేటప్పుడు పోస్టు డబ్బల నువ్వే ఎయ్యి. నీ చెయ్యి మంచిది," అని ఆ పిల్ల కార్డు తెచ్చి కొండవ్వ చాటల వెట్టింది.

కొండవ్వకు సదువు రాదు. తొవ్వల ఆగి కార్డును తిప్పి తిప్పి చూసింది. అక్షరాలు చీమల బారు లెక్క సక్కగ ఉన్నయి. గా చీమలన్ని తన మూల గురించేనాయె! తన ఎండ, తన నీడ, తన గోడ. రేపు లోకమంత ఇంటది. సిద్దిపేట నుంచి స్వరాజ్యం అంటరు, స్వరాజ్యం మూల అంటరు. అప్పుడు రబియాబీ కూడ గట్లనే అంటది. ఇగ కొండవ్వ ఎక్కడ కూసోవాలె? మురికి మోరీ పక్కనా?

పోస్టు డబ్బ ముంగట్నుంచే పోయింది. చెయ్యి లేవలే. కార్ఖానల బీడీలు అప్పజెప్పి ఇంటికొచ్చి, పొయ్యి ముట్టిచ్చి, అన్నం ఎసరు వెట్టి, కొంగుల ఉన్న కార్డును తీసి మంటల వెట్టింది. కార్డు ముడుచుకోని నల్లగైంది. కొండవ్వ చూసుకుంట కూసున్నది. కడుపు సల్లవడ్తదనుకున్నది. పడలే.

మల్ల బుధవారం కాక ఆ మీది బుధవారం, రేడియోల ఆ ఉత్తరాలు సదివిన్రు. గల్లీకి గల్లీ వచ్చి అరుగు మీద కూసున్నది. ఎవ్వరో వాళ్ళ పొలం గట్టు గురించి రాసిన్రు, ఇంకెవ్వరో బడి మెట్ల గురించి. సిద్దిపేట పేరు రాలే. ఆఖరికి పాట వచ్చింది. స్వరాజ్యం మొఖం చిన్నగైంది.

"మన కార్డు అసలు పోయిందా లేదా?" అన్నది విమలమ్మ.

ఎవ్వరి కాలమో బాగలేదు గని, సరిగ్గ అప్పుడే పోస్టుమాన్ దుబ్బయ్య గల్లీల అడుగువెట్టిండు. మొత్తం ఆయన మీద పడ్డరు. కొండవ్వ డబ్బల ఏసిన మా కార్డు ఏడ పారేసినవంటే ఏడ పారేసినవన్నరు. రబియాబీ అయితే కొంగు బిగిచ్చి, "రేప్పొద్దుగాల పోస్టుమాస్టర్‌కు దర్ఖాస్తు ఇస్త, పిల్ల రాస్తది, మేమందరం ఏలుముద్రలేస్తం" అన్నది.

దుబ్బయ్య సైకిల్ గోడకు ఆనిచ్చిండు. ఇంకో యేడాదిల పింఛన్ తీసుకునే మనిషి. 

"ఇరవై ఆరేండ్లల్ల నా సంచిల పడ్డ ఉత్తరం ఒక్కటి తప్పిపోలే తల్లీ. ఈ వయసుల నన్ను దొంగను జేస్తరా? కొండవ్వా, నువ్వే జెప్పు. డబ్బల ఏసింది నువ్వే గద?"

అందరు కొండవ్వ దిక్కు తిరిగిన్రు. ఏసిన అంటే అయిపోతది. ఒక్క మాట. తేలు కుట్టిన దొంగ లెక్క అప్పటిదాక కిక్కురుమనకుంట కూసున్నది గద, ఇంకొంచెం సేపు కూసుంటే అయిపోతుండె. కని దుబ్బయ్య మొఖం చూస్తే నోట్లె అబద్ధం తిరగలే.

"ఎయ్యలే," అన్నది. "పొయ్యిల వెట్టిన."

"క్యా?" అన్నది రబియాబీ.

"పొయ్యిల వెట్టిన! దాని పేరు రేడియోల రావొద్దని వెట్టిన. పద్దెనిమిదేండ్లు నేను కూసున్న జాగ అది. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల నాదని లోకానికి ఎట్ల జెప్తది? నువ్వు దాని మాటకు పకపక నవ్వుతవ్ రబియా, నా ముంగట ఎన్నడన్న గట్ల నవ్వినవా? నాకిచ్చిన జాగనే దానికిచ్చినవ్. ఓర్వలే. నాతోని కాలే. కాలవెట్టిన."

 దుబ్బయ్య తలకాయ ఊపి సైకిల్ పట్టుకోని పోయిండు. 

స్వరాజ్యం మెల్లగ అడిగింది: "నా పేరెందుకొస్తది పెద్దమ్మా?"

"నువ్వు రాసిన కార్డుల నీ పేరు గాక ఎవరిది వస్తది?"

"నీదే. సిద్దిపేట నుంచి కొండవ్వ అని రాసిన. నీ నోటితోని నువ్వే చెప్తున్నట్టు రాసిన. ఎండ, నీడ, బస్సులు, గోడ మీది మచ్చ, అన్ని నీ దగ్గర ఇన్నయే. ఒక్కసారిగ నీ పేరు రేడియోల వస్తే నీ మొఖం ఎట్లుంటదో చూద్దామని చెప్పలే."

 నలభై ఎనిమిదేండ్ల బతుకుల కొండవ్వ పేరు ఎవ్వరు ఏ కాయితం మీద ప్రేమతోని రాయలే. రాసిన ఒక్క కాయితాన్ని తనే ఎసరు కింద పెట్టింది.

"ఇంకేం రాసినవ్ బిడ్డా?" అన్నది.

స్వరాజ్యం చాటల తంబాకును సగం సగం చేసింది. కండ్లల్ల నీళ్ళు దిగినయి.

"ఆఖరికి ఇట్ల రాసిన. 'నాకు తోవ దొరకని నాడు ఒకామె తన జాగ నాకిచ్చింది. మొన్న ఊరు కాని ఊరు నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ జాగల సగం నేను ఆ పిల్లకిచ్చిన. గందుకే నాకు ఇది అన్నిటికంటే ఇష్టమైన జాగ.' గట్ల రాసిన పెద్దమ్మా. ఆనాడు నువ్వు జరిగినవ్ గద. ఇష్టంతోనే జరిగినవనుకున్న."

గంత చెప్పి ఆ పిల్ల చాట ఎత్తుకోని లేచింది. అరుగు అటు కొసకు, మోరీ పక్కకు పోయి, అందరికి ఈపు చేసి కూసోని ఆకు కత్తిరిచ్చుడు మొదలువెట్టింది. విమలమ్మ కూడ ఆమె పక్కకు జరిగింది. రబియాబీ లోపటికి పోయింది.

మూల మొత్తం కొండవ్వకే మిగిలింది. ఎండ అప్పుడే దిగిపోయి నీడ వచ్చింది. కొండవ్వ గోడ మీది మచ్చను ఇడిసిపెట్టి జానెడు జరిగి కూసున్నది. పొద్దుమూకెదాక గట్లనే కూసున్నది. ఆ జానెడు జాగలకు ఎవ్వరు రాలే.