శాకాహారుల మేడలో ఒక్క నిజం

సూరత్‌లో అద్దెకిల్లు కావాలంటే జీతమెంతో చెప్పనక్కర్లేదు, ఏం తింటారో చెబితే చాలునని విజేతకు వచ్చిన వారంలోనే తెలిసిపోయింది. ధీరజ్‌కు హజీరా వైపు ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం. భీమవరం నుంచి సామాను లారీలో బయల్దేరింది. అది వచ్చి దిగేలోపు దించడానికో చోటు చూడాలని మొగుడూ పెళ్ళాం బ్రోకరు స్కూటరు వెనక ఆటోలో తిరిగారు. ప్రతి గుమ్మంలోనూ మర్యాదగా కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, ఆ తర్వాత వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగారు. ధీరజ్ హరిశ్చంద్రుడికి స్వయానా మనవడిలా వారానికోసారి చేపలండీ అనేవాడు. అంతే, ఇంటివాళ్ళకు తమ చుట్టాలబ్బాయి ఎవరో ఆ ఫ్లాట్ అడిగిన సంగతి ఠక్కున గుర్తొచ్చేది.

అడాజణ్‌లో ఒకచోట ఆ ప్రశ్న పడగానే విజేత మొగుడి కాలు తొక్కి, తనే జవాబు చెప్పింది. మాంసం సరే, తామీమధ్య ఉల్లిపాయ కూడా బాగా తగ్గించేశామంది. భీమవరంలో పుట్టి చేప రుచి ఎరగనన్న మొదటి ఆడది తానే అయ్యుంటుందనుకుంది. తాళాలు చేతికొచ్చాయి.

ఇల్లు దొరికింది గానీ మనిషి దొరకలేదు. ధీరజ్ పొద్దున వెళ్తే దీపాలు పెట్టాకే రావడం. పగలంతా విజేత ఫ్రిజ్‌తో మాట్లాడేది. అది అప్పుడప్పుడూ గుర్రుమని బదులిచ్చేది కూడా. సాయంత్రాలు మాత్రం కింద సిమెంటు బల్లల మీద ఆడవాళ్ళు పళ్ళేల్లో చిక్కుడుకాయలు పెట్టుకుని వలుస్తూ కూర్చునేవారు. నాలుగు రోజులు బాల్కనీలోంచి చూసి, ఐదో రోజు తనూ అరకిలో చిక్కుడుకాయలు కొని, పళ్ళెం పట్టుకుని దిగింది. హంసాబేన్ జరిగి చోటిచ్చింది. ఆవిడ సొసైటీ సెక్రెటరీ భార్య. మీటింగులు ఆయన పెట్టేవాడు, తీర్పులు ఈ బల్ల మీద అయ్యేవి.

సుమన అక్కడే పరిచయమైంది. ఆమె తాతలు మగ్గాల పనికని సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే, గోడాదరాలో. మొగుడు రవీంద్ర ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టాక ఈ మేడకు మారారు. బల్ల మీద ఉన్నంతసేపూ అచ్చం గుజరాతీ మనిషే. లిఫ్టులో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం తెలుగులో అడిగింది.

"ఏంది అక్కా, నిజంగనే తినరా మీరు? భీమవరమోళ్ళు?"

విజేత మొహంలో నెత్తురు లేదు. సుమన ఆపకుండా నవ్వింది. "గట్ల భయపడకు. మేం గూడ గంతే."

ఆ ఆదివారం నుంచి రెండు కుటుంబాలూ గుడికని చెప్పి బయల్దేరడం మొదలుపెట్టాయి. గుడి గోడాదరాలో సుమన పుట్టిల్లు. దేవత ఆమె తల్లి ఎల్లవ్వ. కింద పవర్‌లూమ్‌ల చప్పుడు, పైన కోడికూర, జొన్నరొట్టె. విజేత చేపల పులుసు పెడితే, ఎల్లవ్వ రుచి చూసి ఇంత చింతపండేందని తిడుతూ మూడుసార్లు పోయించుకునేది. "తిను బిడ్డా, ఎండిపోతున్నవు" అని ఆమె అంటే విజేత ఇంకో రొట్టె వేయించుకునేది. తిరుగుదారిలో సోంపు నమిలి, బొట్టు దిద్దుకుని, ఒక కొబ్బరికాయ కొట్టించి ముక్కలు తెచ్చేవారు. హంసాబేన్ ఆ ప్రసాదాన్ని కళ్ళకద్దుకునేది. అప్పుడు విజేతకు కాస్త పాపభీతి కలిగేది. శనివారానికల్లా తగ్గిపోయేది.

అలా ఉండగా నాలుగో అంతస్తులో హంసాబేన్ వాళ్ళదే ఒక ఫ్లాట్ ఖాళీ అయింది. చూడ్డానికి హిమశ్రీ అనే అమ్మాయి వచ్చింది. గుంటూరు పిల్ల, ఏదో ఆస్పత్రిలో కొత్తగా చేరిన డాక్టరు. హాస్టల్ ఈ నెలతో ఖాళీ చెయ్యాలట. బ్రోకరు ఆమెను తిన్నగా బల్ల దగ్గరికే తెచ్చాడు. అతను నేర్పించిన శాకాహారం పాఠం ఆ పిల్ల తప్పు లేకుండా అప్పజెప్పింది. హంసాబేన్ ముఖం విప్పారింది. తాళాలు తెమ్మని పనిమనిషిని పైకి పంపింది కూడా.

ఈలోగా ఆ పిల్ల బల్ల మీద తెలుగుమొహం పోల్చుకుంది. నూతిలో పడ్డవాడికి తాడు దొరికినట్టు విజేతకేసి చూసి నవ్వింది.

"అమ్మయ్య, మనవాళ్ళున్నారు. అక్కా, వెజ్ అని చెప్పేశాను గానీ, రెండు గుడ్లు ఉడకబెట్టుకుంటే వీళ్ళకి వాసన తెలుస్తుందా?"

సుమన వేళ్ళలో చిక్కుడుకాయ సగం విరిగి ఆగిపోయింది.

హంసాబేన్ కూడా నవ్వుతూనే విజేతను అడిగింది. "శూ కహే ఛే?" ఏమంటోంది అని.

ఏమన్నా చెప్పొచ్చు. నీళ్ళెన్ని గంటలొస్తాయని అడుగుతోందనొచ్చు. అబద్ధాల్లో విజేతకు అప్పటికి చేయి బాగా తిరిగింది. కానీ ఈ పిల్ల నోటికి గడియ లేదు. రేపు ఇదే మాట హిందీలో అంటే? ఒక తెలుగు వంటింట్లో గుడ్డు దొరికితే మిగతా తెలుగు వంటిళ్ళు వాసన చూడకుండా వదులుతారా? మళ్ళీ ఆటో, మళ్ళీ బ్రోకరు, మళ్ళీ వాళ్ళ చుట్టాలబ్బాయిలు.

"గుడ్లు ఉడకబెట్టుకోవచ్చా అని అడుగుతోంది" అని హిందీలో చెప్పింది విజేత.

ఆ మేడలో అడుగుపెట్టాక ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

హంసాబేన్ గొంతు పెంచలేదు. తన మేనల్లుడికి మాటిచ్చిన సంగతి మరిచేపోయానని బ్రోకరుతో అంది. హిమశ్రీకి హిందీ వచ్చు. విజేత వైపు ఒకసారి చూసింది, బ్యాగు భుజానికెత్తుకుంది. "వస్తా అక్కా" అంది, అలవాటు కొద్దీ కాబోలు.

ఇకమీదట మద్రాసువైపు నుంచి ఎవరొచ్చినా ముందు నువ్వే చూడాలని హంసాబేన్ విజేత వీపు తట్టింది. బీఏ చదివి ఖాళీగా ఉన్న విజేతకు జీతం లేని కాపలా ఉద్యోగం వచ్చింది.

ఆదివారం విజేత చీర కట్టుకుని కూర్చుంది. అమ్మకు పానం బాలేదని సుమన ఫోన్ చేసింది. ఆ పై ఆదివారం ఫోన్ కూడా రాలేదు. బాల్కనీలోంచి చూస్తే రవీంద్ర కారు గేటు దాటుతోంది. సాయంత్రం విజేత వెళ్ళి ఆమె తలుపు కొట్టింది. ఇది నీకోసం కూడా చేశాను, ఆ పిల్ల నోటి వల్ల ఇద్దరం బయటపడేవాళ్ళం అని గుమ్మంలోనే చెప్పుకుంది.

"నిజమే" అంది సుమన. కోపం లేదు. "ఆ పిల్ల నిన్ను అక్కా అని పిల్చింది. నేన్గూడ గట్లనే పిల్చిన."

"నీ గురించి చెబుతానా నేను?"

"చెప్పవు. గని జర భయమైతది. మా అమ్మ ఇల్లు గూడ నీకు తెల్సు గద."

లోపలికి రమ్మనలేదు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా తెలుగు మాట లేదు.

ఇల్లు మాత్రం భద్రంగా ఉంది. ఇంటాయన అడక్కుండానే మరో ఏడాదికి ఒప్పుకున్నాడు. ఆదివారాలు విజేత సొరకాయ వండుతోంది. ధీరజ్ పచ్చడి ఎక్కువ కలుపుకుని తిని లేస్తున్నాడు. సాయంత్రం పళ్ళెం పట్టుకుని దిగితే హంసాబేన్ తన పక్కనే చోటిస్తోంది. సుమన ఆ చివర కూర్చుని అందరితో పాటు తల ఎత్తుతుంది.

"కేమ్ ఛో, విజేతాబేన్?" అని సుమనే గుజరాతీలో పలకరిస్తుంది, ఎలా ఉన్నారని.

"మజామా" అంటుంది విజేత. బాగున్నానని. ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు.