రాజుకు బదులు

నీనెవే నగరంలో కోట మిద్దె మీద భటుల మధ్య తోటమాలి నూరాయ కూర్చున్నాడు. సంపూర్ణ చంద్రగ్రహణం రాజుకు చావు తెస్తుందంటారు. ఆ చావు రాజును తాకకుండా నూరాయను కొన్నాళ్లు సింహాసనం మీద కూర్చోబెట్టి, తరవాత చంపేస్తారు. గ్రహణం విడిచేలోగా గురుగ్రహం కనబడితే మాత్రం రాజుకు ముప్పు లేనట్టే. అప్పుడు నూరాయతో పని లేదు.

చంద్రుడు ఎండిన నెత్తురు రంగుకు తిరిగాడు. వెన్నెల పోయేసరికి చుక్కలన్నీ బయటపడ్డాయి. గురుడుండే చోట మాత్రం మబ్బు పట్టింది.

"సరిగ్గా చూడండయ్యా, పిల్లలు గలవాణ్ణి!" అన్నాడు నూరాయ.

"నోర్మూసుకోరా! నువ్వేడిస్తే మబ్బు కదులుద్దా?" అని కసిరాడు, గ్రహాలు చూసే ముసలి ఇబ్నాయ.

చివరికి మబ్బు జరిగింది.

"అదుగో గురుడు! వీణ్ణి వదిలేయండి!" అని అరిచాడు ఇబ్నాయ.

నూరాయ మెట్లన్నీ పాక్కుంటూనే దిగాడు.