ఆఖరున అందే తాడు

నేను ఒక తాడును. పశువును కట్టేదాన్నీ కాను, గంట మోగించేదాన్నీ కాను. పడవ ఇంజను నెత్తిన ఉండే చక్రానికి మూడు చుట్లు చుట్టి ఒక్క గుంజు గుంజితే ఇంజనును నిద్ర లేపుతానే, ఆ తాడును. నా ఒక కొసన ముడి, రెండో కొసన కర్రపిడి. ముడి చక్రం గాడిలో దూరుతుంది, పిడి మనిషి పిడికిట్లో ఇముడుతుంది. లేచిన ఇంజను పడవను తీసుకుని ఏటి మీద పరుగెడుతుంది. నేను పడవ అడుగున తడి చెక్కల మీద పడి ఉంటాను. మొదలుపెట్టడం వరకే నా పని. ఆ తర్వాత పేరంతా ఇంజనుది.

నన్ను పేనింది సత్యవేణి. ఆమె పెనిమిటి ఓలేటి తాతబ్బాయి కాకినాడ వెళ్లి ఒక పాత ఇంజను కొనుక్కొచ్చాడు. దానితో వచ్చిన తాడు రెండో రోజే తెగింది. ఆమె వల బాగుచేస్తూ మిగిలిన పోగులు కాలి బొటనవేలికి తగిలించి, గుమ్మంలో కూర్చుని, పక్కింటావిడతో కబుర్లాడుతూనే నన్ను పేనేసింది. తాతబ్బాయి విరిగిన తెడ్డు ముక్క చెక్కి పిడి చేశాడు. అంతా అయ్యాక ఆమె నన్ను అటూ ఇటూ లాగి చూసి, "ఇంజను నీది. తాడు నాది" అంది. ఆయన నవ్వాడు. మనుషులు నవ్వుతూ అన్న మాటలే ఎక్కువ కాలం నిలుస్తాయని నాకు అప్పటికి తెలియదు.

మాది గోదావరి పాయ ఒడ్డున రేవు. ఎదురుగా ఏటి నడుమ లంక. ఏటా గంగాలమ్మ తీర్థం నాడు ఇంజను పడవల పందెం జరిగేది. రేవు నుంచి బయలుదేరి, లంక చుట్టూ తిరిగి, మళ్లీ రేవుకు రావాలి. గెలిచినవాడికి ఇచ్చేది ఒక స్టీలు బిందె. ఆ బిందె కోసం ఏడాది పొడుగునా ఇంజన్లు విప్పి, తుడిచి, బిగించి, మళ్లీ విప్పేవాళ్లు. ఇంట్లో తలుపు గడియ ఊడి వేలాడుతున్నా చూసేవాళ్లు కాదు.

మొదట్లో పందెమంటే తగువే. జెండా వాలకముందే ఒకడు తాడు లాగేసేవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. ఒక ఏడు తెడ్లతో కొట్టుకునేదాకా వెళ్లింది. తీర్థంలో జీళ్లు కొనుక్కుంటున్న సత్యవేణి ఆ పొట్లం పక్కావిడ చేతిలో పెట్టి రేవులోకి దిగింది. "తాళ్లన్నీ ఇలా ఇయ్యండి" అంది. ఎందుకిచ్చారో వాళ్లకే తెలియదు, ఇచ్చేశారు. ఆమె అన్నీ భుజాన వేసుకుంది. సముద్రపు పోటు ఆగి ఏరు నిలబడ్డ క్షణాన, మోకాలి లోతు నీళ్లలో పడవల ముందు నడుస్తూ ఒక్కొక్కరికి తాడు అందించింది. అందుకున్నవాడు చుట్టుకుని లాగాలి, పోవాలి. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. ఆమె చేతి నుంచి తాడు అందితేనే పందెం.

నిజానికి నేను లేకపోతే ఇంజను లేవదనేం లేదు. లుంగీ అంచు చింపి చుట్టి లాగినా లేస్తుంది. ఆ సంగతి రేవులో పసివాళ్లకు కూడా తెలుసు. అయినా అన్నేళ్లలో ఒక్కడూ ఆ పని చేయలేదు. మనుషుల గురించి నేను చెప్పగలిగిన మంచి మాటల్లో అది మొదటిది.

ఇవ్వడానికి ఆమె ఒక వరస పెట్టుకుంది. పోయినేడు వెనకబడ్డవాడికి ముందు, గెలిచినవాడికి తర్వాత, అందరికన్నా ఆఖరున మొగుడికి. అందుకే తాతబ్బాయి ఒక్కసారీ గెలవలేదు. ఆయన నన్ను అందుకునేసరికి ముందువాళ్లు లంక మలుపు దగ్గర నురగ లేపుతూ ఉండేవాళ్లు.

"ఒక్కేడు నాకు ముందియ్యకూడదేటే?" అని అడిగేవాడు అన్నం దగ్గర.

"ఇత్తే గెలుత్తావు. గెలిత్తే పెళ్లాం గెలిపించిందంటారు. ఓడిపోతే ఆ ఓటమన్నా నీదవుద్ది కదా" అనేది ఆమె, చేప ముల్లు తీసి ఆయన కంచంలో పెడుతూ.

కానీ ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. మిగతా తాళ్లన్నీ ఆమె భుజం మీద వేలాడుతూ నీటి తుంపర్లకు తడిసేవి. నన్ను మాత్రం మడిచి చంకలో పెట్టుకునేది. తాడు పొడిగా ఉంటే చక్రం మీద జారదు. మిగతావాళ్లు రెండు మూడుసార్లు గుంజుకుంటే, ఆయన ఇంజను ఒక్క గుంజుకే లేచేది. ఆఖరున ఇస్తూనే ఆమె ఇచ్చుకోగలిగింది అంతే. నాకు మాత్రం అది చాలా ఎక్కువగా కనపడేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి సత్యవేణి పోయింది. ఆ ఏడే, తీర్థానికి ముందు, సర్కారు ఆర్డరు వచ్చింది. ఈ పాయలో ఇంజను పడవల పందేలు పెట్టకూడదు. లంక పక్కగా వెళ్లేటప్పుడు ఏ పడవైనా మెల్లిగానే పోవాలి. పడవలు లేపే అలలకు లంక గట్టు కోసుకుపోతోందని అక్కడి రైతులు మొరపెట్టుకున్నారట.

పందెగాళ్లంతా ఐసు షెడ్డులో చేరారు. తాతబ్బాయి పెద్దవాడు కాబట్టి ఐసు పెట్టె మీద కూర్చోబెట్టారు. మా పడవలు అలలు లేపవని అర్జీ రాయించారు. అది చదివి వినిపించిన మరుక్షణమే ఎవరి అల ఎంత ఎత్తు లేస్తుందో పోటీపడి చెప్పుకున్నారు. సంగాని ఏసుపాదమైతే, తన పడవ అలకు అవతలి ఒడ్డున బట్టలుతికే మనిషి పీట కొట్టుకుపోయిందని గొప్పగా చెప్పాడు. అర్జీ మూడు ఆఫీసులు తిరిగి, కాగితం మెత్తబడి, వెనక్కి వచ్చింది.

అప్పుడు తాతబ్బాయి ఒక్కడే లంకకు వెళ్లాడు, రైతులతో మాట్లాడి ఒప్పించాలని. పడవ అడుగున నేనూ ఉన్నాను. ఒక ఆవిడ ఆయన్ని తన పశువుల పాక వెనక్కి తీసుకెళ్లింది. నిరుడు అక్కడ అరటి తోట ఉండేదట, ఇప్పుడు ఏరు ఉంది. ఆవిడ తిట్టలేదు. ఎండన పడి వచ్చారని గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. ఆయన అది తాగి, చెప్పాలనుకున్నది చెప్పకుండానే తిరిగొచ్చాడు.

తీర్థం నాడు ఇంజన్లన్నీ విప్పి ఔట్‌పోస్టులో పెట్టమన్నారు కొత్తగా వచ్చిన ఎస్సైగారు. తాతబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంజన్లు వద్దు బాబూ. లంకలో ఎవరికన్నా ఒంట్లో బాగోపోతే దాటించాలి కదండి. తాళ్లన్నీ నా కాడుంటాయి. తీర్థం అయ్యేదాకా పూచీ నాది" అన్నాడు. తాడు లేకపోతే ఇంజను కదలదని ఎస్సైగారు నమ్మారు. ఆ మాట విని వెనక నిలబడ్డవాళ్లు నేల చూపులు చూశారు. ఒక్కడూ నవ్వలేదు.

అలా రెండేళ్లు గడిచాయి. తెల్లవారుజామున చేపలకు వెళ్లడానికి ఆయన నన్ను లాగేవాడు, అంతే. అది వేరు. పందెం నాటి గుంజులో మనిషి ఒళ్లంతా ఉంటుంది. ఏరు నిలబడి, ఊరంతా ఊపిరి బిగపట్టి, చంక వెచ్చదనం ఇంకా నా పోగుల్లో ఉండగానే ఆ చక్రం మీద మూడు చుట్లు తిరగడం! దాని కోసం నేను పడ్డ ఆరాటం ఏ తాడూ పడి ఉండదు.

మూడో ఏడు తీర్థం రేపనగా, పొద్దు వాలుతుంటే ఏసుపాదం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"రేపు పందెం ఏసేత్తన్నాం మావా" అన్నాడు.

తాతబ్బాయి భుజానికి నూనె రాసుకుంటున్నాడు. కుడి భుజం ఆ ఏడు బాగా పట్టేసింది.

"ఇంజన్లు పట్టుకుపోతార్రా."

"పోతే పోనీ. ఓ మాట సెప్తాను, కోప్పడకు. ఆ బుజం సూత్తన్నాం కదా, పైయేటికి నువ్వు తాడు లాగలేవు. ఈ ఏడు తాళ్లిచ్చేది నువ్వే, ముందు లాగేదీ నువ్వే. మేవందరం అనుకున్నాం. అత్త ఉండుంటే నీకు ముందిచ్చేది కాదు. ఇప్పుడు వద్దనేవోళ్లెవరు?"

ఏసుపాదం వెళ్లాక తాతబ్బాయి నన్ను మేకు మీంచి తీసి అరచేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. పెరుగన్నం కంచంలో అలాగే ఉండిపోయింది. ఒక్కసారి, అందరికన్నా ముందు. ఆ కోరిక ఆయన వేళ్లలో నాకు తెలుస్తూనే ఉంది. అబద్ధమెందుకు, నాకూ అదే కోరిక.

మర్నాడు పడవలన్నీ రేవులో బారులు తీరాయి. గట్టు మీద జనం, జనం మధ్య ఎస్సైగారు. తాతబ్బాయి తాళ్లన్నీ భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. నన్ను మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ చోటు నాదని ఆయనకెలా తెలిసిందో! బహుశా అన్నేళ్లూ ఆయనకు తెలిసే ఉంటుంది.

పోటు ఆగింది. ఏరు నిలబడింది. ఎదురుగా ఒక గుర్రపుడెక్క మొక్కల గుంపు నీళ్ల మీద కదలకుండా ఆగిపోయింది. వరసలో మొదటి పడవ ఏసుపాదానిది. తాతబ్బాయి దాని ముందుకొచ్చి నిలబడి, అవతల లంక వైపు చూశాడు. వేడుక చూడటానికి అక్కడా మనుషులొచ్చారు, గట్టు అంచుకు బాగా దూరంగా నిలబడ్డారు. వాళ్లలో మజ్జిగ ఇచ్చినావిడ కూడా ఉంది.

"ఆవిడ పాక ఏటి అంచుకొచ్చేసిందిరా" అన్నాడు ఏసుపాదంతో, మెల్లిగా.

"ఇయ్యి మావా. నీళ్లు తిరిగిపోతాయి."

ఆయన ఇవ్వలేదు. తిట్టలేదు, వెళ్లిపొమ్మనలేదు. తాళ్లు భుజాన వేసుకుని అలా నిలబడ్డాడంతే. ఏసుపాదం పిడికిట్లో లుంగీ పేలిక నలుగుతోంది. వెనక పడవల్లోనూ అందరి దగ్గరా పేలికలున్నాయి. ఒక్కడు చుట్టి లాగితే చాలు, మిగతావాళ్లూ లాగేసేవాళ్లు. తాతబ్బాయి పూచీ, ఆయన పెద్దరికం, అన్నీ ఆ నురగలో కొట్టుకుపోయేవి. ఎవరూ లాగలేదు. చేతి నుంచి తాడు అందకుండా బయలుదేరితే దాన్ని పందెమని ఎలా పిలవాలో వాళ్లకు తెలియలేదనుకుంటాను.

కాసేపటికి గుర్రపుడెక్క సముద్రం వైపు మెల్లగా కదిలింది. నీళ్లు తిరిగాయి, పందెం వేళ దాటిపోయింది. ఏసుపాదం పేలికను ఏట్లో పడేశాడు.

తీర్థం సద్దుమణిగాక, ఇక ఇళ్లకు పొమ్మని, మెల్లిగా పొమ్మని ఎస్సైగారు కేకేశారు. తాతబ్బాయి ఏసుపాదానికి అతని తాడు అందించబోయాడు. అతను అందుకోలేదు. వంగి, ఆయన చంకలోంచి నన్ను లాగి, ఆయన చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు లాగు మావా. పందెం కాపోతే పోనీ."

ముసలాయన నన్ను చూశాడు. నన్ను మళ్లీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నాది ఆఖరున్రా. మీ అత్త పెట్టిన వరస" అన్నాడు.

ఒక్కొక్కరికి ఇచ్చుకుంటూ వెళ్లాడు. అందరివీ అయ్యాక తన పడవ ఎక్కి, చక్రానికి నన్ను చుట్టి, ఎడమచేత్తో కుడిభుజం అదిమిపట్టి గుంజాడు. ఒక్క గుంజుకే లేచింది. పొడిగా ఉన్నాను కదా. ముందు పడవలేవీ దూరం పోలేదు, ఆయన కోసం ఆగాయి. పందెం దారినే, లంక పక్కగా అన్నీ ఒకదాని వెనక ఒకటి, ఇంజన్లు గొణుగుతున్నట్టు వెళ్లాయి. గట్టు అంచు నుంచి ఒక్క మట్టిబెడ్డ కూడా రాలలేదు. లంకావిడ చెయ్యి ఊపింది.

పందెం మళ్లీ రాలేదు. ఆ మెల్లి ఊరేగింపే ఇప్పుడు తీర్థం వేడుక.

మరుసటేడు తాతబ్బాయి భుజం పూర్తిగా లొంగిపోయింది. ఇంజనును ఏసుపాదానికే అమ్మేశాడు. అతను ఇంజను భుజానికెత్తుకుని, "తాడేది మావా?" అని అడిగాడు.

"తాడు నాది కాదురా. మీ అత్తది" అన్నాడు తాతబ్బాయి.

ఇప్పుడు నేను మేకుకు వేలాడుతుంటాను. తీర్థం నాడు ఆయన నన్ను తీసి చంకలో పెట్టుకుని, అందరి తాళ్లూ భుజాన వేసుకుని నీళ్లలోకి దిగుతాడు. వరస తప్పకుండా ఇచ్చుకుంటూ వెళతాడు. ఆఖరున నేను మిగులుతాను. నాకు ఇక ఇంజను లేదు. పడవలన్నీ లంక మలుపు తిరిగేదాకా ఆయన నన్ను పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడతాడు.

ఇంటికొచ్చాక అరుగు మీద పెడతాడు. చాచి పెట్టినా సరే, కాసేపటికి నాకు తెలియకుండానే ముడుచుకుంటాను. సరిగ్గా మూడు చుట్లు.