అరువిచ్చిన గొంతు

రోజూ తెల్లవారుతూనే థాలస్ పాత యజమాని ఇంటి గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టేవాడు. బుట్టలో వేసిన రొట్టె పుచ్చుకుని అక్కణ్నుంచి ఊరి చావడికి పోయేవాడు. సాల్వియా పట్టణానికి చాటింపువాడు అతనే. వేలంపాటలు, తప్పిపోయిన గాడిదలు, అధికారుల ఉత్తరువులు, చావు కబుర్లు, ఏదైనా అతని నోటే ఊరు వినాలి. మెట్లెక్కి ఒక్క కేక వేశాడంటే బేటిస్ నది అవతలి తోటల్లో ఆలివ్ కాయలు రాల్చేవాళ్లు కూడా కర్రలు దించి చెవులు రిక్కించేవాళ్లు.

ఆ గొంతుని అతను అరువిస్తుండేవాడు. సంతకొచ్చిన మందులవాడికి ఒక పూట, తండ్రి శవం ముందు నాలుగు మంచి మాటలు చెప్పలేక తడబడే కొడుక్కి ఒక పూట. ఒకే గిన్నెలో ద్రాక్షసారా సగం ఇతను తాగి మిగతాది అవతలివాడికిస్తే గొంతు వెళ్లిపోయేది. సాయంత్రం ఆ మనిషి తాగి వదిలిన సగం ఇతను తాగితే తిరిగొచ్చేది. ఆ పూటకి థాలస్ మూగవాడు. దారిలో ఎదురైనవాళ్లు "ఇవాళెవరికిచ్చావయ్యా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయేవాళ్లు.

థాలస్ ఒకప్పుడు బానిస. పెద్ద దొర చనిపోతూ వీలునామాలో అతన్ని విడిచిపెట్టాడు. కూతురు క్రెస్తే మాత్రం అంతకు ముందే పుట్టింది కాబట్టి ఆ ఇంటి సొత్తుగానే ఉండిపోయింది. తల్లి లేని పిల్ల. చిన్న దొర మేసియస్ భార్యకి తల దువ్వడం ఆమె పని.

ఆ యేడు మేసియస్‌కి ఊరిని ఏలే ఇద్దరు అధికారుల్లో ఒకడు కావాలని బుద్ధి పుట్టింది. సుద్ద రుద్దిన తెల్లటి వస్త్రం కప్పుకుని ఓట్లడగడానికి బయలుదేరాడు. మనిషి నిలువెత్తు, గొంతేమో దోమ పాట. రొట్టెలు కాల్చేవాళ్ల వీధిలో మాట్లాడితే వెనకవరుస వాళ్లు "ఏవంటున్నాడు? ఏవంటున్నాడు?" అని నవ్వారు.

ఆ మధ్యాహ్నమే థాలస్‌ని పిలిపించాడు.

"ఒరే థాలస్, ఎన్నికలయ్యేదాకా నీ గొంతు నాకివ్వరా. నేను కుర్చీ ఎక్కిన రోజునే క్రెస్తేకి విడుదల. మా నాన్న బూడిద మీద ఒట్టు."

వంటింటి వాకిట్లో క్రెస్తే తండ్రి చెయ్యి పట్టుకుంది. "వద్దు నాన్నా. అమ్మగారికే రోజుకో అబద్ధం చెప్తాడు. నీకు నిజం చెప్తాడా?"

"పిచ్చిదానా!" అని నవ్వాడు థాలస్. "ఆయనా నేనూ ఒకే దాది పాలు తాగాం. పాలు పంచుకున్నవాడు ద్రోహం చేస్తాడా?"

అతను సొంత గొంతుతో అన్న ఆఖరి మాటలు అవే.

మేసియస్ గెలిచాడు. గెలవకేం? ఇరవై ఏళ్లుగా ఊరు నమ్మిన గొంతది. కంచరగాడిదలవాళ్లూ, రొట్టెలవాళ్లూ ఎగబడి ఓట్లేశారు. కుర్చీ ఎక్కిన రోజున థాలస్ ద్రాక్షసారా గిన్నెతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఊరికి నేను పెడుతున్న క్రీడలు కానీరా," అన్నాడు మేసియస్. క్రీడలయ్యాయి. "కోతలు కానీరా," అన్నాడు. కోతలూ అయ్యాయి. మూడోసారి థాలస్ గిన్నె కింద పెట్టి, కూతుర్ని వేలితో చూపించాడు.

మేసియస్ ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు. "నేనెప్పుడన్నాను? ఎవరు విన్నారు?"

ఆ మాటలు థాలస్ గొంతుతోనే వచ్చాయి. నిండుగా, నమ్మకంగా. పక్కనున్న పనివాళ్లు కూడా ఒక్క క్షణం, నిజంగానే ఈయన అనలేదేమో అనుకున్నారు. తన గొంతు తననే అబద్ధాలకోరుని చేస్తుంటే థాలస్ విన్నాడు. ఇంటికెళ్లి రెండు రోజులు మంచం దిగలేదు.

మూడోరోజు పొద్దున్నే పొరుగునుండే కార్బో వచ్చి తలుపు తట్టాడు. రెండో అధికారి ఓప్సియస్ ముందు బెత్తాల కట్ట మోసుకుంటూ నడిచే బంట్రోతు అతను.

"లే అన్నా. మీ దొర ఇవాళ తన బానిస గుమాస్తాకి విడుదలిప్పిస్తున్నాడు, మా అయ్యగారి ఎదుట. అది కాగానే క్రెస్తేని కోర్దూబా నగరంలో ఎవరో పెద్దమనిషికి కానుకగా పంపేస్తాడట. బండి కట్టి ఉంది."

చావడి నిండా జనం. ముసలి ఓప్సియస్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చట్టంలో ఒక్క అక్షరం జారినా ఒప్పుకోడని ఆయనకి పేరు. కార్బో గుమాస్తా తలకి బెత్తం తాకించి స్వతంత్రుడన్నాడు, యజమాని కాదనలేదు, గుమాస్తా ఒకసారి చుట్టూ తిరిగాడు. తంతు ముగిసింది, అందరూ చప్పట్లు కొట్టారు. బండి పక్కన క్రెస్తే మూట పట్టుకుని తలొంచుకుని నిలబడింది.

థాలస్ జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. కూతురి మణికట్టు పట్టుకుని లాక్కొచ్చి కార్బో ముందు నిలబెట్టాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

కార్బో అతని మొహంలోకి చూశాడు. తన ఉద్యోగం సంగతీ వీపు సంగతీ ఆలోచించుకున్నట్టు ఒకసారి ఓప్సియస్ వైపు చూశాడు. తర్వాత బెత్తం ఆమె తలకి తాకించి గట్టిగా అన్నాడు: "చట్టం సాక్షిగా ఈ మనిషి స్వతంత్రురాలని నేనంటున్నాను!"

జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు.

"మేసియస్," అన్నాడు ఓప్సియస్, "ఈమె నీ మనిషేనా? అభ్యంతరం ఉందా?"

మేసియస్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడనరాలు ఉబ్బాయి. చేతులూపాడు, తలూపాడు.

"చేతులూపితే చట్టానికి వినబడదయ్యా. నోటితో చెప్పు."

"నీళ్లు!" అని మేసియస్ అరిచాడు. ఆ అరుపు గంటలా మోగి ఏటిదాకా పోయింది. నీళ్లు తెచ్చారు, తాగాడు, మళ్లీ నోరు తెరిచాడు. ఆ పిల్ల చంటిదిగా ఉన్నప్పుడు జోలపాడి నిద్రపుచ్చిన గొంతది. 'ఇది నా బానిస' అనే మాట దగ్గరికి వచ్చేసరికి మొండికేసిన గాడిదలా కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయింది.

మూడుసార్లు అడిగాడు ఓప్సియస్.

"నీళ్లడిగాడు గానీ కాదనలేదు. యజమాని మౌనం ఒప్పుకోలే. అమ్మాయీ, ఒకసారి చుట్టూ తిరుగు. ఆఁ, ఇక వెళ్లు."

మేసియస్ గొంతు తిరిగివ్వలేదు. ఇవ్వడని థాలస్‌కీ తెలుసు. ఆ సాయంత్రమే తండ్రీకూతుళ్లు మూట కట్టుకుని, రేవుపట్నం వైపు పోయే దారి పట్టారు. ఊరి గోడ గుమ్మం దగ్గర క్రెస్తే ఆగిపోయింది. చావడి మెట్ల మీంచి మేసియస్ రేపటి నీళ్ల వంతులు చాటుతున్నాడు.

"ఒక్కసారి అడుగుదామా నాన్నా? ఇవాళైనా సిగ్గుపడి ఇస్తాడేమో."

థాలస్ తలూపాడు, వద్దని. పాలు తాగిన రోజుల నుంచీ ఆ మనిషిలో వెతికిన తోబుట్టువుని ఇక వెతకదల్చుకోలేదు.

ఎదురుగా రాళ్లబాట మీద నూనెకూజాల బండి ఒకటి దూరంగా పోతోంది. "ఓ బండీ!" అని క్రెస్తే పిలిచింది. ఆ ఇంట్లో పుట్టినప్పటినుంచీ గుసగుసలే అలవాటైన గొంతు, నాలుగడుగులు పోయి పడిపోయింది. థాలస్ మూట దింపాడు. ఆమె వీపు నిటారుగా నిలిపాడు. అరచెయ్యి ఆమె డొక్కల కింద ఆనించి, ఇక్కణ్నుంచి అన్నట్టు నొక్కాడు. తనే ముందు గుండెల నిండా ఊపిరి పీల్చి చూపించాడు.

క్రెస్తే ఊపిరి పీల్చింది.

"ఓ... బండీ...!"

దూరంగా బండివాడు పగ్గాలు లాగి, వెనక్కి తిరిగి చూశాడు.