మంచె మీద అడ్డకర్ర

గిర్మాజీపేటలో వైకుంఠం సేటు బియ్యం మిల్లు ఒకటుండేది. ఆ మిల్లులో ఆడవాళ్ళు మంచె మీంచి కిందపడటం ఎంత మామూలంటే, ఎవరైనా తుమ్మితే తల తిప్పి చూసేవారు గానీ పడితే చూసేవారు కాదు. చూసేవాడు ఒక్క సాంబయ్యే. అతను ఆ మిల్లుకు ఇంజన్ మిస్త్రీ. "పడ్డదో!" అన్న కేక వినిపిస్తే చాలు, అతని చేతిలో నూనెడబ్బా జారి కిందపడేది. ఎందుకంటే ఆ పడేవాళ్ళలో తరచూ అతని పెళ్ళాం యాకమ్మే ఉండేది.

మంచె అంటే చేలల్లో పిట్టలు కొట్టే మంచె కాదు. మిల్లు లోపల, రెండు నిలువుల ఎత్తున, దూలాల మీద పలకలు పరిచిన అటక లాంటిది. ఆడవాళ్ళు ధాన్యం బుట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి, అక్కడి నుంచి మిషను తొట్టిలోకి కుమ్మరించేవారు. ఒకపక్క గోడ, ఒకపక్క తొట్టి, ఇంకోపక్క మెట్లు, నాలుగోపక్క ఏమీ లేదు. ఉన్నదల్లా గాలి. ఆ గాలి కింద ఊకకుప్ప. పడ్డ మనిషి మెడదాకా ఊకలో దిగబడి, తుమ్ముతూ దగ్గుతూ, జుట్టునిండా ఊకతో పైకి లేచేది.

ఇక్కడ వైకుంఠం సేటు ఆచారం ఒకటి చెప్పాలి. సేటు లెక్కలో, అంత ఎత్తునుంచి పడి బతికిందంటే ఆ మనిషికి గండం గడిచినట్టే. అయితే గడిచిన గండం వెంటనే వెళ్ళిపోదు, మనిషి చుట్టూనే తచ్చాడుతూ ఉంటుంది. మర్నాడు పొద్దుపొడిచేదాకా ఆమె మిల్లులో ఉంటే అది ఆమెను వదిలి మిల్లును పట్టుకుంటుంది. అందుకని సేటు అప్పటికప్పుడు కొబ్బరికాయ కొట్టించి, పడినామెకు బొట్టు పెట్టించి, ఆ రోజు కూలి పూర్తిగా ఇచ్చి, ఒక మనిషిని తోడిచ్చి ఇంటికి పంపించేవాడు. జ్వరమొచ్చిందంటే మాత్రం ఛుట్టీ ఇచ్చేవాడు కాదు. జ్వరం మిల్లును పట్టుకోదు గదా అనేవాడు. పెళ్ళికి ఇవ్వడు, పండక్కి ఇవ్వడు, పురిటికి ఇవ్వాలంటే ముహూర్తం ముందే చెప్పమంటాడు.

ఆ పడటాల్లో ఒక చిత్రం ఉండేది. పని తక్కువున్న రోజుల్లో ఎవరూ పడేవారు కాదు. ఊళ్ళోకి కొత్త సినిమా ఆట వచ్చిన రోజు తప్పకుండా ఒకామె పడేది. ఐనవోలు మల్లన్న జాతర నాడైతే ఒక్క పూటలో ఐదుగురు పడ్డారు. సేటు ఐదు కాయలు కొట్టించి, ఐదు పానాలు కాపాడినందుకు మల్లన్నకు అక్కడి నుంచే దండం పెట్టాడు. మిల్లు మొత్తానికి ఇందులో వింతేమీ కనపడనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు సేటు, రెండోవాడు సాంబయ్య.

సేటు సంగతి పోనీ, ఆయనకు మిల్లు బాగుంటే చాలు. సాంబయ్య సంగతే జాలి. ఒక్క ఏడాదిలో యాకమ్మ ఏడుసార్లు పడింది. పడినప్పుడల్లా అతను ఇంజన్ ఆపేసి, నూనె చేతులతోనే ఉరికొచ్చి, ఆమెను ఊకలోంచి లాగి, సైకిల్ మీద కూచోబెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఎముకలు విరగలేదు గదా అని కాళ్ళూ చేతులూ వత్తి వత్తి చూసేవాడు. "ఏం కాలేదయ్యా" అని ఆమె అంటే ఇంకా భయపడేవాడు. దెబ్బ లోపల తగిలితే బయటికి తెలియదని ఎవరో చెప్పారట. కాజీపేట దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి ఆమె జబ్బకు కట్టాడు. మూడోనాడే పడింది. మంత్రాలు వేసే మొగిలమ్మ దగ్గరికి పోయి దిష్టి తీయించాడు. ఆ వారమే పడింది. తిండి సహించక అతను చిక్కి సగమయ్యాడు.

చివరికి ఒకనాడు ఇంజన్‌కు నూనె పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. తప్పు యాకమ్మలో లేదు, మంచెలో ఉంది! ఈ సంగతి తట్టడానికి అతనికి ఏడు పడటాలు పట్టాయి. తట్టీ తట్టగానే సేటు గద్దె దగ్గరికి ఉరికాడు.

"సేటూ, మంచెకు ఆ పక్క అడ్డం కట్టాలె. నడుమెత్తున రెండు కర్రలు బిగిస్తే చాలు, ఎవ్వలు పడరు."

"పడితే ఏమైతాందిరా? కింద ఊక ఉన్నది గదా" అన్నాడు సేటు.

"ఒక్కసారి కాకుంటె ఒక్కసారన్న తలకాయ కిందికి వస్తది సేటూ."

"మొన్న హైద్రాబాద్ కెంచి వచ్చిన ఇన్స్‌పెక్టర్ గూడ గిదే మాట అన్నడు. ఊక మీద కూసోవెట్టి సల్ల తాపిచ్చిన. ఇంత మెత్తటి పరుపు మీ ఇంట్ల గూడ ఉండదు సార్ అన్న. మల్ల ఏడాదికి వస్త, అప్పటికి అడ్డం ఉండాలె అని రాసుకపోయిండు. ఆయన వచ్చే దినం కడుదాంలే. సుట్టం రాకముందే తోరణం కడుతరా ఎవలన్న?"

"కట్టె లేదంటే నేను తెస్త సేటూ."

"నీ కట్టె, నీ మేకులు, నీ పెండ్లం. నాకేం ఫికర్ రా? కట్టుకో పో" అన్నాడు సేటు ఉదారంగా.

సాంబయ్య దగ్గర కట్టె ఎక్కడిది? ఇంట్లో ఉన్నదే కట్టె. ఆ సాయంత్రం యాకమ్మ కూరగాయలు కొనుక్కుని ఇంటికొస్తే వాకిలికి తలుపు లేదు. లోపల పక్కింటి మేక నిలబడి గోంగూర నములుతోంది.

"తలుపు ఏదయ్యా?"

"మిల్లుకు పోయింది."

"తలుపు మిల్లుకెందుకు పోతది?"

"నువ్వు పడకుంట ఆపెటందుకు" అన్నాడు సాంబయ్య. యాకమ్మ మేకను తోలుకుంటూ పోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకున్నప్పుడు సాంబయ్య మంచె ఎక్కాడు. ఇంజన్‌తో ఎంత ధైర్యంగా ఉండేవాడో ఎత్తు అంటే అంత పిరికి. నడుముకు తాడు కట్టుకుని, తాడు రెండో కొస దూలానికి కట్టి, పిర్రల మీద కూచుని అంగుళం అంగుళం జరుగుతూ, కళ్ళు సగం మూసుకుని మేకులు కొట్టాడు. తలుపు చట్రం అడ్డకర్ర అయింది. తలుపు చెక్కలు నిలువు గుంజలయ్యాయి. కింద ఆడవాళ్ళు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది యాకమ్మే.

మంచె మీది ఆడవాళ్ళకు పెద్దదిక్కు రాజక్క. ఆమె మాత్రం నవ్వలేదు. చేతులు నడుముకు పెట్టుకుని అడ్డకర్రను కిందికీ మీదికీ చూసింది.

"ఏం తమ్మీ, మేమేమన్న గొర్లమా, దొడ్లె వెట్టి కట్టేస్తానవ్?"

"అది గాదక్కా. మీరు పడకుంట."

"మేం పడితే నీకేం బాధ? నువ్వేమన్న కాయ కొడుతానవా?"

మర్నాడు పొద్దున సాంబయ్య వచ్చేసరికి అడ్డకర్ర ఊకకుప్ప మీద పడి ఉంది. మళ్ళీ తాడు కట్టుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుని బిగించాడు. మూడోనాడు గుంజ ఒకటి కనపడలేదు. వెతగ్గా వెతగ్గా రాజక్క పొయ్యి దగ్గర దొరికింది, సగం కాలి. దొడ్డి తలుపు కూడా తెచ్చి బిగించాడు. ఈసారి మేకులు అవతలికి దిగగొట్టి వంచేశాడు. ఇక అది ఊడి రాలేదు. ఆనాటి నుంచి మంచె మీంచి ఒక్కరూ పడలేదు. అందరూ ముఖాలు మాడ్చుకుని పని చేశారు. ప్రాణం కాపాడినందుకు ఇంతమంది కోపగించుకోవడం సాంబయ్య తన జన్మలో చూడలేదు. "ఈళ్ళకు పానం మీద తీపి లేదా?" అని ఇంజన్‌ను అడిగేవాడు. ఇంజన్ దాని మానాన అది దడదడలాడేది.

ఇది జరిగింది అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో. ఒకనాడు పొద్దున్నే ఇటుకబట్టీల వాళ్ళు బండ్లు కట్టుకొచ్చి ఊక మొత్తం ఎత్తుకుపోయారు. మంచె కింద నేల ఊడ్చినట్టయింది. ఎన్నడూ బయటపడని షాబాదు బండలు నల్లగా, గట్టిగా కనిపించాయి.

ఆ మధ్యాహ్నం ఎండ మంటలు రేపుతోంది. ఆడవాళ్ళకు విసుగు పుట్టింది. వాళ్ళను నవ్వించడానికి యాకమ్మ తన మొగుడిని ఆడి చూపించడం మొదలుపెట్టింది. బుట్ట కట్టే తాడు నడుముకు చుట్టుకుంది. పిర్రల మీద జరిగింది. కళ్ళు సగం మూసింది. "అయ్యో నా యాకమ్మ, పడకే! దవాఖాన దూరమే!" అని అచ్చం అతని గొంతుతో వణికింది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. కింద ఇంజన్ పట్టా సరిచేస్తున్న సాంబయ్య అంతా విన్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి చూడనైనా లేదు.

నవ్వులు చూసి యాకమ్మకు హుషారెక్కింది. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని లేచి నిలబడింది, రెండడుగులు వెనక్కి వేసింది. పలకల మీద గుప్పెడు వడ్లు చెదిరి ఉన్నాయి. మడమ వాటి మీద పడి సర్రున జారింది.

ఆమె నడుము వెళ్ళి అడ్డకర్రకు తగిలింది. కర్ర కిర్రుమంది. మేకు ఒకటి ఊడి ఎగిరిపోయింది. తక్కినవి నిలబడ్డాయి. యాకమ్మ సగం ఒళ్ళు అవతలికి వంగిపోగా, రెండు చేతులతో కర్రను పట్టుకుని, తల వెనక్కి వాల్చి కింద బండలను తలకిందులుగా చూసింది. నెత్తిమీది బుట్ట ఆ బండల మీద పడి దొర్లుకుంటూ పోయి సేటు కాళ్ళ దగ్గర ఆగింది.

సేటుకు అలవాటైన పని గదా, చేతిలో పట్టి చూస్తున్న బియ్యం వదలకుండానే కేక పెట్టాడు. "ఎవలు పడ్డరు? కొబ్బరికాయ తెండ్రి!"

"పడలే సేటూ!" పైనుంచి యాకమ్మ అరిచింది. భయం ఇంకా దిగలేదు గనుక ఏం మాట్లాడుతున్నదో ఆమెకే తెలియలేదు. "అయ్యో దేవుడా! ఇన్ని దినాలు దుంకిన గని, ఒక్కసారన్న పడలే! ఇయ్యాలనే నిజంగ పడబోయిన!"

సేటు గుప్పిట్లోని బియ్యం జలజలా రాలాయి.

"దుంకినవా?" అన్నాడు సేటు. ఆడవాళ్ళ వంక చూశాడు. ఒకామె కొంగు సర్దుకుంది, ఒకామె గోళ్ళు చూసుకుంది, రాజక్క పైకప్పు పరిశీలించింది. "మరి ఐనవోలు జాతర నాడు? ఐదుగురు?"

"దుంకినం సేటూ" అంది రాజక్క. ఇక దాచి లాభం లేదని తెలిసిపోయింది. "జాతరకు ఛుట్టీ ఇయ్యవైతివి. ఏంజెయ్యాలె మరి?"

సేటు ముఖం మొదట ఎర్రగా, తర్వాత నల్లగా మారింది. లేని గండాలకు ఇన్నేళ్ళూ కాయలు కొట్టించాడు! మల్లన్నకు పెట్టిన దండాలు కూడా దండగే! "ఇగ సూడుండ్రి! ఎవ్వలు పడ్డా, ఎవ్వలు దుంకినా, ఛుట్టీ అన్న మాట ఎత్తితే..."

"ఆగు సేటూ" అంది రాజక్క. "దుంకినప్పుడు గండం లేదు, నిజమే. గని ఇయ్యాల యాకమ్మకు వచ్చింది అసలు గండం. కింద ఊక గూడ లేకపాయె. ఈ మిల్లుకు ఇన్నేండ్లల్ల వచ్చిన గండం గిదొక్కటే. గది ఇప్పుడు ఏడ తిరుగుతాందో ఎవలకెరుక? జర నీ భుజం దిక్కు సూసుకో."

సేటు ఉలిక్కిపడి భుజం వైపు చూసుకున్నాడు. అంతే, ఇక ఆగలేదు. కాయ కొట్టించాడు, ఒకటి చాలదేమోనని ఇంకొకటి కొట్టించాడు. మిల్లు బందు అన్నాడు, అందరూ పోండన్నాడు, పొద్దుపొడిచేదాకా ఒక్కరూ ఈ గేటు తొక్కొద్దన్నాడు. అందరికంటే ముందు తనే గేటు దాటాడు, చెప్పులు కూడా మరిచిపోయి.

సాంబయ్య ఇంజన్ ఆపాడు. మిల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అతనికి ఒళ్ళంతా కోపం. ఏడుసార్లు! ఏడుసార్లూ తను చచ్చి బతికాడు. ఆమె మాత్రం సరదాగా దూకిందన్నమాట. ఇంటికి పోదామనుకుని రెండడుగులు వేశాడు. వేసి పైకి చూశాడు. యాకమ్మ ఇంకా మంచె మీదే ఉంది, అడ్డకర్ర పట్టుకుని.

"దిగు" అన్నాడు.

"చేతులు వదులుతలేవయ్యా."

సాంబయ్య మెట్లెక్కాడు. ఆమె వేళ్ళు కర్రకు బిగుసుకుపోయి తెల్లబడ్డాయి. పక్కన కూచుని ఒక్కొక్క వేలే విడదీయసాగాడు.

"నాకన్న ఒక్క మాట చెప్పద్దా? నేనేమన్న సేటునా?"

ఇంకో వేలు విడదీశాడు.

"నీకు ఛుట్టీ కావాలంటే రెండుసార్లు దుంకితే సాలదా? ఏడుసార్లు ఎందుకు దుంకినవే? దినదినం నేనెంత పరేషాన్ అయిన్నో నీకు ఎరుకేనా?"

"ఛుట్టీ కోసం రెండుసార్లే దుంకిన" అంది యాకమ్మ, కర్ర వైపే చూస్తూ.

"మరి తక్కిన ఐదుసార్లు?"

"మిల్లు ఉన్న దినం నువ్వు ఇంజన్ వదలవు. ఇంటికొస్తే పడుకుంటవ్. నేను పడితే పొద్దూకేదాక నా పక్కనే కూసుంటివి. అన్నం కలిపి తినిపిస్తుంటివి. పానం మంచిగుండె."

సాంబయ్య కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆమె చివరి వేలు విడదీసి, ఆ చేయి తన చేతిలోనే పెట్టుకున్నాడు.

"గిట్ల దుంకుడెందుకే పిచ్చిదానా" అన్నాడు. "ఆకలైతాందని చెప్పు. తినిపిస్త."