జానెడు చోటు

నేను ఒక ఇన్వర్టర్‌ను. కరెంటు ఉన్నంతసేపు నన్నెవరూ తలచుకోరు. పోయిన మరుక్షణం మాత్రం "ఇన్వర్టర్ ఉంది కదా" అని కాళ్లు చాపుకొని కూర్చుంటారు. ఆ "ఉంది కదా" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను వినండి. తుక్కు కుప్పలో పడి ఉన్నదాన్ని, నాకు మాత్రం వేరే పనేముంది?

హిందూపురంలో ఒక ఇరుకు సందులో, మస్తాన్ అనే మెకానిక్ చేతుల్లో పుట్టాను. నాకు కంపెనీ ముద్ర లేదు, రంగుల పెట్టె లేదు. మస్తాన్ నన్ను బిగించి రెండు రోజులపాటు బల్బులు వెలిగించి, ఫ్యాన్లు తిప్పి పరీక్షించాడు. గంటకొకసారి వచ్చి నా వీపు మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. అంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్న మనిషి ఆ తర్వాత మళ్లీ దొరకలేదు.

నేను కరెంటు పుట్టిస్తానని చాలామంది అనుకుంటారు. శుద్ధ అబద్ధం. నాకు పుట్టించడం చేతకాదు. ఉన్నదాన్ని మార్చడమే నా పని. బ్యాటరీలో ఉండే కరెంటు ఒకే వైపు నడుస్తుంది. మీ ఇంట్లో ఫ్యానుకేమో అది పనికిరాదు, దానికి సెకనుకు యాభై సార్లు ముందుకూ వెనక్కీ ఊగే కరెంటు కావాలి. నా కడుపులో గోరంత స్విచ్చులు నాలుగు గుంపులుగా ఉంటాయి. వాటికి మీట ఉండదు, చప్పుడు ఉండదు. రెండు గుంపులు తెరుచుకుంటే మిగతా రెండు మూసుకుంటాయి. మరుక్షణం అటుది ఇటు. అలా తిరగేస్తూ, ఒకే దారిన పోయే కరెంటును అటూ ఇటూ ఊగిస్తాను. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ దాని వోల్టేజీ పెంచి బయటికి పంపుతుంది. లైను కరెంటు వచ్చినప్పుడు ఇదే పని తిరగేసి చేసి బ్యాటరీని నింపుతాను.

అయితే ఏ మార్పూ ఊరికే జరగదు. బ్యాటరీ నుంచి నూరు పాళ్లు తీసుకుంటే ఎనభై అయిదే ఇవ్వగలను. మిగిలిన పదిహేనూ నా ఒంట్లో వేడిగా దిగుతాయి. ఆ వేడి బయటికి పోవాలి. అందుకే నాకు ముందువైపు జాలీ, దాని వెనక చిన్న ఫ్యాను, వీపున కంతలు పెట్టాడు మస్తాన్. చల్లగాలి ముందునుంచి లోపలికి, వేడిగాలి వెనకనుంచి బయటికి. నాకు అదే ఊపిరి.

నన్ను కొన్నది మడకశిర దగ్గర చాకీ కేంద్రం పెట్టుకున్న అశ్వర్థమ్మ. పట్టుపురుగులు గుడ్డు పగలగొట్టుకొని వచ్చినప్పుడు వెంట్రుక ముక్కంత ఉంటాయి. లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెడుతూ, గదిని చల్లగా, చెమ్మగా ఉంచి వాటిని పది రోజులు సాకాలి. ఆ పనే చాకీ. అవి రెండోసారి చర్మం వదిలాక రైతులు తీసుకుపోయి పెంచుకుంటారు. అశ్వర్థమ్మ గదికి రేకుల కప్పు. మధ్యాహ్నం ఫ్యాన్లూ, చెమ్మ చిమ్మే మిషనూ ఆగితే ఆ గది పొయ్యి మీద పెనమే. అందుకని నేను.

నన్ను గోడ పక్కన దింపి మస్తాన్ గట్టిగా చెప్పాడు. "అక్కా, ముందరా వెనకా జానెడు చోటు ఇడిసిపెట్టల్ల. దీని మింద ఏమీ కప్పగూడదు. ఊపిరాడకపోతే సచ్చిపోతాది."

అశ్వర్థమ్మ జానతో కొలిచి మరీ చోటు వదిలింది. ఏడాదిపాటు ఒక్క పురుగును చావనివ్వలేదు నేను. మంచి పేరు వచ్చింది, నాకు కాదు లెండి, ఆమెకు. అంతకుముందు "ఆడమనిషి చాకీ అంట" అని నవ్వి రాష్ట్ర సరిహద్దు దాటి పురుగులు తెచ్చుకున్న ఇరవై ఇద్దరు రైతులు, ఆ దసరాకు మొదటిసారి ఆమె దగ్గర పురుగులకు ముందుగా చెప్పుకున్నారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన పెద్దరైతు హనుమంతరాయప్ప వెళ్తూ వెళ్తూ అన్నాడు. "ఈ పంట బాగుంటే ఇంగ మాకు నువ్వే తల్లీ. పాయెనా, మళ్లీ ఈ గడప తొక్కం."

మహర్నవమి నాడు ఆమె భర్త గంగులప్ప ఆయుధపూజ చేశాడు. మంచివాడే. భక్తి ఎక్కువ, నా మీద ప్రేమ ఇంకా ఎక్కువ. కొడవలికి, ఆకు తరిగే కత్తికి చిన్న పూలు పెట్టి, అన్నం పెట్టే మిషనని నాకు మాత్రం లావుపాటి బంతిపూల మాల వేశాడు. సరిగ్గా జాలీ మీద. పసుపు పూశాడు, కుంకుమ పెట్టాడు, భుజాల మీదుగా వీపు నిండా కొత్త పట్టు కండువా కప్పాడు. ఏ పురుగుల కోసం నేను ఊపిరి పీలుస్తున్నానో, వాటి పట్టుతోనే నా ఊపిరి మూశాడు.

పూజ అయ్యాక అశ్వర్థమ్మ అనుమానంగా చూసింది. "ఏమయ్యా, మాల తీసేద్దామా? మస్తాను కప్పొద్దన్నాడు కదా."

"ఉద్వాసన చెప్పకుండా తీస్తారా? రేపు సాయంత్రం దాకా ముట్టుకోగూడదు. కరెంటు ఉండాది కదా."

ఆమె మాల అంచును వేలితో ఎత్తి, మళ్లీ వదిలేసింది. తర్వాత వెళ్లిపోయింది.

దశమి నాటి మధ్యాహ్నం ఊళ్లో అమ్మవారి ఊరేగింపు. రథం తీగల కింద దాటాలని లైను ఆపారు. ఏటా ఆపేదే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఊరేగింపులోనే ఉన్నారు. ఇన్వర్టర్ ఉంది కదా.

నేను పని అందుకున్నాను. ఫ్యాను గాలి కోసం గుంజితే బంతి రేకులు వచ్చి రెక్కలకు చుట్టుకున్నాయి. వేడి కండువా దాటి పోలేక నాలోనే తిరిగింది. కీమని అరిచాను. బయట డప్పుల మోతలో ఎవరికి వినబడుతుంది? ఒంట్లో వేడి హద్దు దాటితే నన్ను ఆపేసే ఏర్పాటు ఒకటి పెట్టాడు మస్తాన్. అది నన్ను ఆపింది. కాస్త చల్లబడగానే మళ్లీ లేచాను. మళ్లీ ఆగాను. ఆగితే పురుగులు పోతాయి, ఆగకపోతే నేను పోతాను. నాలుగుసార్లు లేచాను. అయిదోసారి లేవగానే స్విచ్చులు కాలిపోయాయి.

వాళ్లు వచ్చేసరికి తట్టల్లో ఆకు ఎండి గలగలమంటోంది. పురుగులు కదలడం లేదు. గంగులప్ప తల పట్టుకొని వాకిట్లో కూలబడ్డాడు. అశ్వర్థమ్మ మాత్రం ముందు నా దగ్గరికి వచ్చింది. మాల తీసింది. కండువా తీసి మడతపెట్టి పెట్టెలో దాచింది. తడిగుడ్డతో పసుపు తుడిచింది. ఏం జరిగిందో ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే రైతులంతా వాకిట్లో నిలబడ్డారు. మస్తాన్ వచ్చి నా మూత విప్పాడు. ఫ్యాను రెక్కల మధ్య నల్లగా మాడిన బంతి రేకులు కనబడ్డాయి. ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకొని, తలెత్తి అశ్వర్థమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

"ఏం మస్తానూ, ఏమైందప్పా?" అని అడిగాడు హనుమంతరాయప్ప.

మస్తాన్ పిడికిలి మూసి రేకులు జేబులో వేసుకున్నాడు. "వేడెక్కి కాలిపాయ, పెద్దాయనా."

"అంటే నీ సరుకే మంచిది కాదు."

అశ్వర్థమ్మ తలెత్తకుండానే అంది. "అవును. మిషనే మోసం చేసె."

నేను మోసం చేశానట. అయిదుసార్లు లేచినదాన్ని.

మస్తాన్ నన్ను మోపెడ్ మీద కట్టుకుంటుంటే ఆమె గేటు దాకా వచ్చింది. "మస్తానూ, ఆయప్పకు తెలిస్తే బతకడు. పూజ చేసిన చెయ్యి అది" అంది మెల్లగా.

"తెలుసక్కా. పూజ చేసినందుకు కాలిపాయ అని నలుగురి ముందర నేను యా నోటితో చెప్పేది? అది నువ్వు చెప్పాల్సిన మాట."

జేబులోని రేకులు రోడ్డు పక్కన వదిలేసి అతను బండి తీశాడు.

హనుమంతరాయప్ప మాట ఇరవై ఇద్దరి నోట ఊళ్లన్నీ తిరిగింది. మస్తాన్ మిషన్లు కాలిపోతాయట అన్నారు. ఆరు నెలల్లో అంగడి మూతపడింది. ఇప్పుడతను ఇంకొకరి దగ్గర, ఇంకొకరి పేరున్న పెట్టెలు బాగుచేస్తున్నాడు. తన అంగడి మూసిన రోజున నన్ను తుక్కు అంగట్లో దింపి, పాత అలవాటు కొద్దీ వీపు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉన్నాను.

మొన్న గంగులప్ప ఇక్కడికి తుప్పు పట్టిన తట్టల స్టాండ్లు అమ్మడానికి వచ్చాడు. నా పక్కనే నిలబడ్డాడు, గుర్తుపట్టలేదు. కేంద్రం మళ్లీ నడుస్తోందట, రైతులు మెల్లగా వస్తున్నారట. "కంపెనీ మిషను తెచ్చినాం. మా ఆడమనిషి దానికి ఒక్క పువ్వు కూడా పెట్టనీయదు, ఎందుకో ఏమో" అని నవ్వుతూ చెప్పాడు అంగడాయనకు.

ఈరోజు మళ్లీ ఆయుధపూజ. అంగడాయన తన కాటాకు బంతిమాల వేశాడు. మిగిలిన మాల ఒకటి ఉంటే, పారేయడం ఎందుకని నా మీద వేసి పోయాడు. సరిగ్గా జాలీ మీదే పడింది. ఉండనివ్వండి. నాకిప్పుడు గాలి అక్కర్లేదు.